తప్పుల బల్ల

నాకు నోరెక్కువని మా అమ్మ ఊరందరికీ చెప్పుకుని బాధపడేది. ఆ నోటితోనే నాకు ఉద్యోగం వచ్చింది. కాన్వెంట్ జంక్షన్ దాటి పోర్టు వైపు వెళ్ళే రోడ్డులో ఒక మెషిన్ షాపు ఉండేది. టైపు చెయ్యడానికీ ఫోను ఎత్తడానికీ మనిషి కావాలంటే వెళ్ళాను. షాపు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన నన్నడిగింది ఒక్కటే. "ఈ లేత్ మెషిన్ల గోలలో నీ మాట అవతలివాళ్ళకి వినబడుతుందా అమ్మా?" వినబడుతుందని నేను చెప్పిన తీరుకి పక్కగదిలో లెక్కలు రాసుకుంటున్న ముసలాయన కలం ఆపి తొంగిచూశాడు. మర్నాటి నుంచే రమ్మన్నారు.

అది డెబ్బైల మధ్యలో మాట. ఓడలకీ బోట్లకీ కావలసిన ఇరుసులు, బుష్షులు, పిన్నులు మా షాపులో చేసేవారు. పనివాళ్ళు చాలామంది పద్మనాభం, ఆనందపురం వైపు పల్లెల నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చేవారు. తెల్లారగట్ల పొలంలో నీళ్ళు కట్టి వచ్చినవాళ్ళ కాళ్ళకి బురద, ఇక్కడికి రాగానే దానిమీద పోర్టు ఎర్రదుమ్ము. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. లేత్ నడిపే టర్నర్లలో అందరికన్నా పెద్దవాడు మాత్రం షాపు మొత్తానికి ఒకే ఒక్క బావ. బావ అంటే ఆయనే. నన్ను సెల్లెమ్మా అనేవాడు.

గేటు లోపలికి రాగానే ఎడమ చేతి వైపు రెండు డ్రమ్ముల మీద ఒక టేకు పలక ఉండేది. ఏదో పాత ఓడ విరగ్గొట్టినప్పుడు వచ్చిన తలుపు. దాన్ని తప్పుల బల్ల అనేవారు. ఎవరైనా ముక్క చెడగొడితే, మర్నాడు సైరన్ కూయకముందే తనే తెచ్చి ఆ బల్ల మీద పెట్టాలి. ఎలా చెడిందో నాలుగు మాటల్లో చెప్పాలి. విన్నవాళ్ళు ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత టీ వస్తుంది. మొదటి గ్లాసు ముక్క చెడగొట్టినవాడిది, రెండోది పెద్దాయనది, ఆ తర్వాత మిగతావాళ్ళం. గేటు దాటి బయటికి వెళ్ళేదాకా ఆ మాట ఎవరూ ఎత్తరు. గేటు దాటాక మాత్రం బస్టాపు వరకూ ఏడిపించుకుంటూ పోవచ్చు. ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను చేరిన కొత్తలో ఒక పొద్దున్న బావ ఒక బుష్షు తెచ్చి అక్కడ పెట్టాడు. "నిన్న నాను ఇక్కడ ఉన్నానన్న మాటేగానీ, మా ఆవు ఈనతాదని మనసంతా ఇంటికాడే ఉంది. బుష్షు లోపల టూలు ఎక్కువ తినీసింది," అన్నాడు. అంతే. టీ తాగి వెళ్ళి లేత్ ఎక్కాడు. చదువుకున్నదాన్ని, చర్చిలో పాపాలు ఒప్పుకోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, అయినా నాకిది విడ్డూరంగా తోచింది. సాయంత్రం బస్టాపు దగ్గర ఆవు ఈనిందా లేదా అని కుర్రటర్నర్లందరూ ఆయన్ని చుట్టుముట్టారు. ఆయన కూడా నవ్వాడు.

తర్వాత పెద్దాయనకి చూపు మందగించింది. కొడుకులకి నూనె మరకలంటే గిట్టదు. ఉక్కు కర్మాగారం పనులు మొదలై కూర్మన్నపాలెం వైపు రోడ్డు పొడుగునా క్రేన్లు లేస్తున్న రోజులవి. ఆ పనుల కోసం ఇక్కడ కాలు పెట్టాలనుకున్న ఒక కలకత్తా కంపెనీ మా షాపుని కొనేసింది. పెద్దాయన ప్రతి మెషినునీ ఒకసారి చేత్తో తడిమి వెళ్ళిపోయాడు. ఆ రోజు మేమంతా ఏడ్చాం, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

కంపెనీ కలకత్తా వైపున్న తన మరో కార్ఖానా నుంచి కొందరు పనివాళ్ళనీ వాళ్ళ ఫోర్‌మన్‌నీ పంపింది. పైన ఒక మేనేజరు. మనిషి గుంటూరు వైపు వాడు, చాలా ఏళ్ళు పరాయి రాష్ట్రాల్లో చేసి వచ్చాడు. సన్నగా ఉండేవాడు, గొంతు బాగుండదని జేబులో ఎప్పుడూ అల్లం మురబ్బా పెట్టుకునేవాడు. మొదటి రోజు బల్ల దగ్గర ఆగి, దాని మీదున్న విరిగిన పళ్ళచక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు.

"ఈ చెత్త ఇక్కడెందుకుందమ్మా?" అని నన్నడిగాడు.

"అది చెత్త కాదండీ. మీకు తెలియకపోతే అడగండి, పేర్లు పెట్టకండి," అన్నాను.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. "సరే, అడుగుతున్నాను, చెప్పండి," అన్నాడు. చెప్పాను. నిలబడి చివరిదాకా విన్నాడు. తర్వాత మురబ్బా ఒకటి నోట్లో వేసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆ ఆచారాన్ని కొత్తగా వచ్చినవాళ్ళు పూర్తిగా తిరగేసి అర్థం చేసుకున్నారు. బల్ల దగ్గర నిలబెట్టడం శిక్ష అనుకున్నారు, బడిలో పిల్లాణ్ణి గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద నిలబెట్టినట్టు. వాళ్ళ కార్ఖానాలో తప్పు చేసినవాడిని పదిమందిలో తిడతారట. ఇక్కడ తిట్టకుండా టీ ఇస్తుంటే ఇది ఇంకా పెద్ద వెటకారం అనుకున్నారు. అంతలో కలకత్తా నుంచి డైరెక్టరు ఒకాయన చూడడానికి వచ్చాడు. గేటు దాటగానే చెడిపోయిన సరుకు ఎదురైతే కంపెనీ పరువేం కావాలని గట్టిగా అడిగాడు. సాయంత్రానికల్లా బల్ల స్టోరు వెనక్కి వెళ్ళింది. దాని బదులు కంపెనీ పద్ధతి వచ్చింది. ముక్క చెడితే మెమో. మూడో మెమోతో మనిషి ఇంటికి.

ఆ మెమోలన్నీ నేనే టైపు చేసేదాన్ని, మేనేజరు సంతకం పెట్టేవాడు. బల్ల తీయించినప్పుడు ఆయన ఒక్క మాట అడ్డు చెప్పలేదని నాకు ఒళ్ళు మండిపోయింది. పని మాటలు తప్ప ఆయనతో మాట్లాడ్డం మానేశాను.

కొన్నాళ్ళకి షాపులో ముక్కలు చెడడమే ఆగిపోయింది. కలకత్తాకి వెళ్ళే రిపోర్టుల్లో చెడిన ముక్కల గడి నెలల తరబడి ఖాళీ. అభినందిస్తూ ఉత్తరం వస్తే మేనేజరుకి చదివి వినిపించాను. ఆయన మొహంలో సంతోషం లేదు. "లేతులు నడిపేది ఇంకా మనుషులే కదమ్మా," అన్నాడు.

భోజనాల వేళ పాతవాళ్ళు రేకుల షెడ్డు కింద, కొత్తవాళ్ళు క్రేను కింద కూర్చునేవారు. మధ్యలో నడవడానికి దారి తప్ప ఇంకేం లేదు. అయినా ఒకరి పచ్చడి ఒకరి విస్తట్లోకి వెళ్ళేది కాదు. మేనేజరు ఒక రోజు ఇటు, ఒక రోజు అటు తన క్యారేజీ తెచ్చుకుని కూర్చునేవాడు. ఎటు కూర్చున్నా అక్కడ మాటలు ఆగిపోయేవి. అయినా మానలేదు. ఆ ఓర్పు చూసి నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది.

ఆ ఏడు వానలకి షాపు వెనక కాలవ పూడిపోయి నీళ్ళు లోపలికి వచ్చాయి. మనుషుల్ని పెట్టి తవ్విస్తే బురదతో పాటు బుష్షులు, పిన్నులు, సగం కోసిన పళ్ళచక్రాలు బయటికి వచ్చాయి. గట్టు మీద కుప్ప పోశారు. పాతవాళ్ళు చేసినవీ ఉన్నాయి, కొత్తవాళ్ళు చేసినవీ ఉన్నాయి. ఎవరి చేతి పని ఎవరిదో చూస్తే తెలిసిపోతుంది. మేనేజరు గొడుగేసుకుని వచ్చి ఆ కుప్పలో ఒకటి రెండు ముక్కలు తిప్పి చూశాడు. ఇవి ఎవరివని ఎవరినీ అడగలేదు. "కాలవలో ఇంకా ఉన్నాయేమో చూడండి, నీళ్ళు పోవాలి," అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఒక డ్రాయింగు తెప్పించుకుని తన గదిలో మేజా మీద పరచుకున్నాడు. అది విదేశాల నుంచి వచ్చిన డ్రాయింగు. దాని ప్రకారం బావ చేసిన, రెండు ఇరుసుల్ని కలిపే కప్లింగులన్నీ గాడి ఒకవైపు ఉండాల్సింది ఇంకోవైపు వచ్చి పనికిరాకుండా పోయాయి. దానికి మెమోల పద్ధతి వచ్చిన కొత్తలోనే బావకి మెమో వెళ్ళింది. అది ఆయనకి రెండోది. బావ తన వల్లే ఏదో అయిందనుకుని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు సాయంత్రం దాకా ఆ కాగితం ముందు నుంచి లేవలేదు. నేను ఇంటికెళ్తానని చెప్పినా తలెత్తలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి స్టోరు వెనక నుంచి ఎవరో టేకు పలకని ఈడుస్తున్న చప్పుడు. చూస్తే మేనేజరే. చొక్కా నిండా సాలెగూళ్ళు. ఫోర్‌మన్ ఏం చెయ్యాలో తోచక చూస్తున్నాడు. బావ వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పాతచోటే డ్రమ్ముల మీద పెట్టారు. మేనేజరు లోపలికి వెళ్ళి చెడిపోయిన కప్లింగొకటి మోసుకొచ్చి దాని మీద పెట్టాడు. అది తేలిక ముక్కేం కాదు.

"ఇది నాది," అన్నాడు. "మన డ్రాయింగుల్లో ఎడమవైపు నుంచి చూసిన బొమ్మని ఎడమకే వేస్తారు. ఈ విదేశీ డ్రాయింగు వేసినవాళ్ళు కుడికి వేస్తారు. నేను చూసి చెప్పాలి. చూడకుండా సంతకం పెట్టాను. టర్నరు కాగితంలో ఉన్నట్టే చేశాడు. ఇంకోటి కూడా నాదే. ఈ బల్ల ఎందుకుందో విని కూడా తీసేస్తుంటే ఊరుకున్నాను. అందుకే మీ ముక్కలు కాలవలోకి వెళ్ళాయి."

అంత పెద్ద ఆఫీసరు బల్ల దగ్గర నిలబడితే ఏం చెయ్యాలో ఆచారంలో లేదు. నాకే తట్టింది. రోడ్డవతల టీ కొట్టుకి వినబడేలా కేకేశాను. టీ వచ్చాక మొదటి గ్లాసు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ క్షణం నుంచీ ఈ రోజు వరకూ ఆ మనిషంటే నాకు గౌరవం. అంతకుముందు ఆయన గురించి నేను అనుకున్నవన్నీ ఎటుపోయాయో తెలియదు.

బావకిచ్చిన మెమో వెనక్కి తీసుకోమని మేనేజరు కలకత్తాకి రాశాడు. జవాబు రాలేదు. మెమోల పద్ధతీ పోలేదు. అందుకే బల్ల తిరిగి వచ్చినంత మాత్రాన అందరూ పరిగెత్తుకొచ్చి ముక్కలు పెట్టలేదు. పాతవాళ్ళు ఒకరిద్దరు చిన్నచిన్నవి పెట్టారు. వాటికి ఆయన మెమో రాయలేదు, రిపోర్టులో మాత్రం ఉన్నదున్నట్టు రాయించాడు. కొత్తవాళ్ళు దూరం నుంచే చూశారు. ఆయన ఎవరినీ రమ్మనలేదు. పిలిస్తే అది మళ్ళీ శిక్ష అయిపోతుందని నాతో ఒకసారి అన్నాడు.

తుఫాన్ల నెలలు వచ్చాయి. ఒక పొద్దున్న సైరన్‌కి ముందే బావ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు. అందరం చేరేదాకా అలాగే నిలబడ్డాడు. మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు.

"నాను సెడగొట్టిన ముక్క ఇక్కడ నేదు బాబూ," అన్నాడు బావ. "బోటులో ఉంది. మొన్న పంపినామే, ఆ పంకా షాఫ్టు. ఒక కాడ ఎక్కువ తినీసినాను. రెండు మెమోలు ఉన్నాయి గదా, బయమేసింది. ఎల్డింగుతో నింపించి మల్లీ తిప్పీసినాను. పైకి ఏటీ తెల్దు. రాత్తిరల్లా నిద్దర పట్నేదు. ఈయేళ బోటు సేపల ఏటకి ఎల్లిపోతాది."

నీళ్ళలో పంకాని తిప్పి బోటుని నడిపే ఇరుసు అది, వెల్డింగు నింపితే నడిసముద్రంలో ఎక్కడ పటుక్కుమంటుందో ఎవరూ చెప్పలేరు. ఇంజను ఆడుతుంది, పంకా తిరగదు. గాలివాన పట్టుకుంటే బోటు ఎటు కొట్టుకుపోతే అటే. ఆ సంగతి షాపులో అందరికీ తెలుసు. మూడో మెమో అంటే ఏమిటో కూడా అందరికీ తెలుసు. బావకి ఇంట్లో తినేవాళ్ళు ఎక్కువ, వానొస్తేనే పండే నేల తక్కువ.

నింపిన వెల్డరు కొత్తవాళ్ళలో ఒకడు. వాడు వెనక నుంచి ముందుకొచ్చి బావ పక్కన నిలబడ్డాడు. రెండు జట్లూ మొదటిసారి కలిసి చేసిన పని ఏదంటే ఈ తప్పు దాచడమే. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. అయినా గొంతు పెంచలేదు. "టీ మనం తిరిగొచ్చాక తాగుదురుగాని, రండి," అని బావ భుజం మీద చెయ్యి వేసి జీపు వైపు నడిపించాడు. షాఫ్టు పట్టుకెళ్ళిన బోటు యజమానికి బిల్లు టైపు చేసింది నేనే కాబట్టి నన్నూ ఎక్కమన్నాడు.

ఫిషింగ్ హార్బర్లో ఆ బోటుకి ఐసు ఎక్కిస్తున్నారు. యజమాని యారాడ మనిషి, జెట్టీ మీద నిలబడి పనివాళ్ళని తొందర పెడుతున్నాడు. మేనేజరు వెళ్ళి నమస్కారం పెట్టి, కంపెనీ తరఫున షాఫ్టు ఒకసారి చూడాలని ఏదో మొదలుపెట్టాడు. బావని కాపాడాలనే అలా అన్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"మీరాగండి బాబూ," అన్నాడు బావ. యజమాని ఎదురుగా నిలబడ్డాడు. "బావా, ఆ షాఫ్టు నాను సెడగొట్టినాను. ఎల్డింగు నింపి, మంచిదని సెప్పి ఇచ్చినాను. అది ఆగదు. ఏటకి ఎల్లొద్దు."

యజమాని ఆయన మొహంలోకి చూశాడు. "నా కొడుకులిద్దరూ ఎల్తన్నారు దీన్లో," అన్నాడు. "ఆళ్ళకి ఏటైనా అయ్యుంటే నిన్ను బతకనిచ్చీవోణ్ణి కాను." బావ తల దించుకోలేదు. యజమాని బోటు వైపు తిరిగి, "ఐసు దింపీయండ్రా," అన్నాడు. మళ్ళీ ఇటు తిరిగి, "కొత్తది ఎప్పుడిత్తావు?" అని అడిగాడు.

బోటుని ఒడ్డుకి లాగించి షాఫ్టు తీయించి షాపుకి తెచ్చారు. మేనేజరు దాన్ని ఆ చోట అడ్డంగా కోయించి అందరినీ పిలిచాడు. వెల్డింగు కింద వెంట్రుకంత పగులు అప్పటికే పాకి ఉంది. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే వంగి చూశారు. ఆ బోటు కుర్రాళ్ళని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. అయినా వెల్డరు గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. మూడో మెమో టైపు చెయ్యమని మేనేజరు నాకు చెప్పలేదు. కొత్త షాఫ్టు బావే తిప్పాడు, కొలతలు మాత్రం ఫోర్‌మన్ పక్కనే నిలబడి చూశాడు.

తర్వాతి వారంలో బల్ల సరిపోలేదు. ఇంకో రెండు డ్రమ్ములు తెచ్చి పక్కన పలకలు వేశారు. కొత్తవాళ్ళకి తెలుగు సరిగ్గా రాదు, వచ్చీరాని మాటల్లో ముక్క ఎలా చెడిందో చెబుతుంటే పాతవాళ్ళు నవ్వు ఆపుకుని వినేవారు. గేటు దాటాక బస్టాపు దాకా ఏడిపించుకోవడం వాళ్ళకీ అలవాటైంది. నెలాఖరుకి రిపోర్టు చూసి డైరెక్టరు పరుగున వచ్చాడు.

అందరినీ షెడ్డులో నిలబెట్టాడు. ఇన్నాళ్ళూ ఒక్కటీ చెడలేదు, ఇప్పుడు ఇన్ని ఎలా చెడ్డాయని అడిగాడు.

"ఇన్నాళ్ళూ కాలవలో ఉండేవి సార్," అన్నాడు మేనేజరు.

డైరెక్టరుకి నవ్వు రాలేదు. బోటు సంగతి ఎలాగో ఆయన చెవిన పడింది. ఆ షాఫ్టు తిప్పిందెవరో పేరు కావాలన్నాడు. పేరు చెప్పనని, షాపు బాధ్యత తనది కాబట్టి తన పేరు రాసుకోమని మేనేజరు అన్నాడు. నిజంగానే ఆ పేరు రాసుకున్నారు. ఆయనకి రావలసిన పెద్ద ఉద్యోగం ఆ తర్వాత ఆయన కింద పనిచేసినవాడికి వెళ్ళింది. రిటైరయ్యేదాకా ఆయన మా షాపులోనే ఉండిపోయాడు. ఈ విషయం ఆయన నోటి వెంట నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు షెడ్డులో డైరెక్టరు తర్వాత ఫోర్‌మన్ వైపు తిరిగాడు. ఫోర్‌మన్ తన మనిషి. చిన్నవయసులో చేర్చుకుని, పైకి తెచ్చి, నమ్మకం మీద ఇక్కడికి పంపినవాడు. "నువ్వు చెప్పు," అన్నాడు హిందీలో, ఇంక అనుమానం లేనట్టు. బావ అప్పటికే ఇంక ఇంటికేనని చేతులు తుడుచుకుని, పంచెలు పెట్టుకునే సంచీ కోసం చూస్తున్నాడు.

ఫోర్‌మన్ కాస్త తడబడ్డాడు. "నాకు తెలుసు సార్," అన్నాడు. "మాలో అందరికీ తెలుసు. వాడు చెప్పబట్టే బోటు ఆగింది. ఈ రోజు వాడి పేరు మీకిస్తే రేపటి నుంచి నాకెవడూ ఏదీ చెప్పడు."

డైరెక్టరు మేనేజరుని చూశాడు, ఫోర్‌మన్‌ని చూశాడు, ఆ వెనక కలిసిపోయి నిలబడ్డ మా అందరినీ చూశాడు. మాలో ఎవరు పాతో, ఎవరు కొత్తో ఆయనకి తెలియలేదనే అనుకుంటాను. కారు పిలిపించుకుని వెళ్ళిపోయాడు.

పనిలోకి వెళ్ళండని మేనేజరు చెప్పాడు. అందరూ ఎవరి మెషిను దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. బావ కూడా వెళ్ళి తన లేత్ ఆన్ చేసి, దాని ముందు తల వంచుకుని నిలబడ్డాడు. తడిసిన కళ్ళు తుడుచుకోవడానికి ఆయన చేతులు ఖాళీగా లేవన్నట్టు రెండూ పిడి మీదే ఉన్నాయి. లేత్ తిరుగుతోంది. అందులో ముక్క బిగించలేదని మా అందరికీ కనబడుతోంది. భోజనాల గంట కొట్టేదాకా ఆ మాట ఆయనతో ఎవరం అనలేదు.